చివరి మూర

11 జూలై 1983, సోమవారం – 89

పధ్నాలుగో ఆర్డరు చేతికొచ్చింది. ఎనభై తొమ్మిది రోజులకి. అందులో వాక్యాలన్నీ కంఠతా వచ్చినవే. పూర్తిగా తాత్కాలికం, ఏ కారణమూ చూపకుండా ఎప్పుడైనా తొలగించవచ్చు, ఇట్లు. తొంభయ్యో రోజు కూడా పనిచేస్తే పర్మినెంటు చెయ్యమని పేచీ పెడతానని వాళ్ల భయం. అందుకని ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం పంపేసి, ఒకరోజు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ తీసుకుంటారు. మూడేళ్లకి పైగా ఈ నేత సంఘంలో నేను కొత్తగానే చేరుతున్నాను.

ఈసారి కమిటీ రద్దయి ఇన్‌ఛార్జి వచ్చారు. గోవిందరాజులుగారు. తెల్ల చొక్కా, మెల్లగా మాట. గుమాస్తా పాపారావుగారు నా బల్ల దగ్గర వంగి, "డిజైనరు పోస్టు మనకి అవసరవా అని అడిగేరండి. నేనేం చెప్పలేదనుకోండి" అన్నారు. ఇకమీదట ఎక్కువగా జనతా చీరలేనట. రేషను షాపుకి వెళ్లే చీరకి అంచంటే రెండు గీతలు. ఆ రెండు గీతలకి డ్రాయింగు హయ్యరు పాసైన మనిషెందుకని ఎవరైనా అడుగుతారు.

ఇంటికొచ్చి చెప్తే ఈయన పంచాంగంలోంచి తల ఎత్తకుండా, "ఇవాళే ఆషాఢం వచ్చింది రాజేశ్వరీ. నెల్లాళ్లు మన గుమ్మం తొక్కే పెళ్లివారుండరు" అన్నారు. పురోహితుడి పెళ్లాన్ని, ఆ సంగతి నాకు తెలియదా? నెల పుట్టగానే ఖాయంగా ఇంట్లోకి వచ్చేది నా జీతం ఒక్కటే అన్న సంగతి ఆయనకి తెలుసో లేదో.

నాకేం భయం లేదు. జాగ్రత్తగా ఉంటే చాలు.

12 జూలై – 88

తొమ్మిదిన్నరకే వెళ్లాను. ఆఫీసు తాళం తీసేది పదింటికి. అరుగు మీద కూర్చున్నాను.

18 జూలై, సోమవారం – 82

సంఘానికి నేసే సూరయ్యగారి పడుగు చివరికొచ్చిందని కబురొస్తే వాళ్లింటికి వెళ్లాను.

మగ్గానికి నిలువునా ఎక్కించిన పడుగులో చీరలన్నీ దిగాక కొసకి మూరెడు గుడ్డకి సరిపడా దారం మిగులుతుంది. చీరకి చాలదు, పారెయ్యడానికి మనసొప్పదు. నేను చేరిన కొత్తలో సూరయ్యగారే అన్నారు: "ఈ మూర మీదండి అమ్మగారూ. తోచింది గీసివ్వండి, నేసి చూపిత్తాను. బాగుంటే చీరకెక్కిద్దాం. లేకపోతే మా ఆవిడ మసిగుడ్డ చేసుకుంటది." మగ్గం మీది డాబీ పట్టీల్లో, గీసిన చుక్కల లెక్కన, కొయ్యమేకులు మార్చి గుచ్చుకుంటే అదే పడుగు మీద ఇంకో అంచు దిగుతుంది. అలా ఇప్పటికి పదకొండు నేశారు. నాలుగు చీరలకెక్కాయి, ఏడు మసిగుడ్డలయ్యాయి. ఆయన భార్య వరహాలమ్మగారు అట్లపెనం దింపేది నా అంచులతోనే. అదీ ఒక గౌరవమే.

వెళ్లేసరికి వాన. మగ్గం గదిలో కూర్చుని బయటికి చూస్తున్నాను. తాటాకు చూరు నుంచి నీళ్లు కారి కింద ఇసకలో వరసగా గుంటలు పడ్డాయి. ఒకటి పెద్దది, రెండు చిన్నవి, మళ్లీ పెద్దది. ఆకు చిరిగినచోట ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీ దాటాక పడిన గుంట మాత్రం అన్నిటికంటే పెద్దది. గ్రాఫు కాగితం తీసుకెళ్లలేదు. సంచిలో ఈయన పడేసిన శుభలేఖ ఉంటే దాని వెనక గళ్లు గీసి, చుక్కలు పెట్టేశాను. పావుగంట కూడా పట్టలేదు.

సూరయ్యగారు కాగితం వెలుతురుకి పెట్టి చూసి, "చూరు కదండీ" అన్నారు. ఎవరూ చెప్పకుండానే!

బస్సు మా పలివెల చేరేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కనున్నావిడ కొంచెం జరిగి కూర్చుంది.

21 జూలై – 79

సర్క్యులరు. దారం ఒక్క అంగుళం వృథా కారాదు, సంఘం నూలుతో సొంత ప్రయోగాలు చేసినవారిపై, చేయించినవారిపై చర్య తీసుకోబడును. అందరికంటే ముందు సంతకం పెట్టాను.

22 జూలై – 78

సూరయ్యగారింటికి వెళ్లి కాగితం తిరిగి ఇచ్చెయ్యమన్నాను. "ఎక్కడో చూర్లో దోపేనండి, కనపట్టం లేదు" అన్నారు. అయితే నెయ్యకండి, ఇప్పుడొద్దు అన్నాను. "ఆయ్" అన్నారు. మంచివారు, మాట వింటారు. మనసు తేలికపడింది.

3 ఆగస్టు – 66

జూలై నెలకి పన్నెండు డిజైన్లని రిపోర్టు పెట్టాను. ఇంతకుముందు నెలకి ఒకటో రెండో వేసేదాన్ని.

పద్ధతి తెలిస్తే కష్టమేం లేదు. రుద్రాక్ష అంచులో రుద్రాక్షని రెండు గళ్లు పక్కకి జరిపితే ఒక డిజైను. గుడి అంచులో గోపురానికి ఒక మెట్టు తగ్గిస్తే ఇంకోటి. అదే గోపురాన్ని తలకిందులు చేస్తే మూడోది. గోవిందరాజులుగారు కాగితాలు తిరగేసి, "చాలా పనిచేశారండి" అన్నారు. పాతవాటికి ఎవరూ వంక పెట్టరు, తప్పు పట్టరు. ముందునించీ ఇలా చెయ్యక నేనే తెలివితక్కువగా ఉన్నాను.

ఆయన హాల్లోకొస్తే చేతిలో స్కేలుండాలి. కిటికీలోంచి చూడకూడదు. ఆలోచించే మనిషికీ పనిలేని మనిషికీ చూసేవాళ్లకి తేడా తెలియదు.

22 ఆగస్టు – 47

శ్రావణమాసం కదా, నాలుగు పెళ్లిళ్లు తగులుతాయనుకుంటే మధ్యలో మూఢం పడింది. ఈయన నిక్షేపంలా వీధి అరుగు మీద కూర్చుని పక్కింటాయనతో చదరంగం. మీకు దిగులుండదా అంటే, "మూఢం ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో పంచాంగంలో రాసే ఉంటుందోయ్. మీ ఆఫీసు మూఢానికే పంచాంగం లేదు" అన్నారు. మామూలుగా అయితే నవ్వేదాన్ని. కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి లోపలికి వచ్చేశాను.

కాసేపాగి ఆయనే వచ్చి, "ఈమధ్య కొత్తదేం వేశావు, చూపించవేం?" అన్నారు. పన్నెండు వేశానన్నాను. చూపించమని మళ్లీ అడగలేదు.

30 ఆగస్టు – 39

నిన్న ఏమీ రాయలేదు. ఇవాళా ఏమీ లేదు.

10 సెప్టెంబరు, వినాయక చవితి – 28

పొద్దున్న ముగ్గు వేస్తుంటే పక్కింటావిడ, "అదేంటండీ, పోయినేడు ముగ్గే ఏసేరు? మీ ముగ్గు చూసి నేనేద్దారని కూచున్నాను" అంది. చూసుకుంటే నిజమే. కావాలని వెయ్యలేదు. చెయ్యి అటే పోయింది.

ముగ్గుకి ఇన్‌ఛార్జి లేడు కదా.

19 సెప్టెంబరు, సోమవారం – 19

ఉన్నదున్నట్టు రాస్తాను.

సూరయ్యగారు పన్నెండు జనతా చీరలు కట్టగట్టి తెచ్చారు. కట్టకి చుట్టిన గుడ్డ మాసిన మూరెడు ముక్క. గోవిందరాజులుగారే స్వయంగా విప్పారు. చీరలు పక్కకి పెట్టి ఆ ముక్కని బల్ల మీద పరిచారు.

చూరు అంచు. జూలైలో, నేను వద్దనకముందే, ఆ సాయంత్రమే నేసేశారన్నమాట. వరహాలమ్మగారు సంగతి తెలియక కట్టకి చుట్టి పంపింది.

"ఇదెవరు వేశారండి?" అన్నారు ఆయన. కోపంగా అనలేదు. కానీ బల్ల మీద అద్దం కింద సర్క్యులరు ఉంది, ఆ గుడ్డ సరిగ్గా దాని మీదే ఉంది. పాపారావుగారు నావైపు చూశారు. ఆయన చూడగానే ఇన్‌ఛార్జి గారూ చూశారు.

"రాజేశ్వరిగారూ, మీదా అండి?"

"నాకు తెలియదండి. నేనెప్పుడూ చూడలేదు."

చూడలేదన్నది నిజమే. గుడ్డ మీద చూడ్డం ఇదే మొదలు.

సూరయ్యగారు నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. "నాదేనండి బాబయ్యా. కొస మూర మిగిల్తే చేతికొచ్చినట్టు నేసేను. తప్పయితే మన్నించండి." గోవిందరాజులుగారు ఆ ముక్క మడిచి సొరుగులో పెట్టుకున్నారు.

గండం గడిచింది. ఇంటికి నడిచే వచ్చాను, బస్సు కోసం ఆగలేదు. దారిపొడుగునా సూరయ్యగారి తలపాగా కనిపించింది. రేపు వెళ్లి ఆయనకి ఒకమాట చెప్పాలి.

20 సెప్టెంబరు – 18

వెళ్లలేదు. మహాలయ పక్షాలు వస్తున్నాయి, ఇంట్లో పని.

30 సెప్టెంబరు – 8

గోవిందరాజులుగారు ఆ ముక్కని విజయవాడ పట్టుకెళ్లారట. అక్కడ షోరూమువాళ్లు ఆ అంచుతో రెండు వందల చీరలు అడిగారు. సూరయ్యగారిని జనతా నుంచి తప్పించి, ఆయనకీ ఇంకో ముగ్గురికీ ఈ చీరలు అప్పగించారు. పేరు కూడా పెట్టేశారు. సూరయ్య అంచు.

తడిక అవతల ఇన్‌ఛార్జి గారు పాపారావుగారితో అంటున్నారు: "మన నేతవాళ్లలోనే ఇంత పనితనం ఉంటే వేరే డిజైనరెందుకండీ? ఈ అమ్మాయి పన్నెండు కాగితాలూ చూశాను. ఒకటే అంచు పన్నెండుసార్లు."

ఆయనకి కళ్లున్నాయి. నేనే లేవనుకున్నాను.

రేపు చెప్పేస్తాను.

1 అక్టోబరు – 7

చెప్పలేదు. ఆయన అమలాపురం వెళ్లారు.

3 అక్టోబరు, సోమవారం – 5

చెబుదామనే లోపలికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే ఆ గుడ్డముక్క ఇచ్చి, "దీన్ని చూసి శుభ్రంగా గ్రాఫు మీదకెక్కించండి. గుడ్డలో ఎలా ఉంటే అలా. ఒక్క గడి తేడా రాకూడదు, మిగతా ముగ్గురూ దాన్ని చూసే మేకులు గుచ్చుకోవాలి" అన్నారు. సరేనండి అన్నాను.

గుడ్డ మీద ఒకచోట తప్పుంది. ఖాళీ తర్వాత పడాల్సిన పెద్ద చుక్క చిన్నగా దిగింది. అసలు అంచుకి ప్రాణం అక్కడే. చూడగానే చెయ్యి సరిచెయ్యబోయింది. సరిచేస్తే, గుడ్డలో లేనిది మీకెలా తెలుసని అడుగుతారు.

గుడ్డలో ఉన్నట్టే వేశాను. చిన్న చుక్క. మూడు నెలల్లో నేను వేసిన అన్నిటికంటే శుభ్రమైన గ్రాఫు ఇదే. కింద డిజైను అన్నచోట సూరయ్య అని, నకలు అన్నచోట నా పేరు, నా చేత్తోనే రాశాను.

4 అక్టోబరు – 4

సూరయ్యగారు గ్రాఫు తీసుకోవడానికి వచ్చారు. చాలాసేపు చూశారు. ఎవరూ దగ్గర లేకుండా చూసి, "అక్కడ నాకు మేకు ఇరిగిందండి ఆరోజు. మీరు సరిచేత్తారనుకున్నాను" అన్నారు.

"గుడ్డలో ఉన్నట్టే వెయ్యమన్నారండి."

"నేనెళ్లి చెప్పనాండి, మీదేనని? నాకేం పోద్దండి, ముసలోణ్ణి."

వద్దన్నాను. ఇద్దరం కలిసి ఆడిన అబద్ధమనుకుంటారు, మీ పని కూడా పోతుంది అన్నాను. ఆయన పని గురించే ఆలోచించాను. నిజంగా.

"ఆయ్" అన్నారు. తిట్టినా బాగుండేది.

7 అక్టోబరు, శుక్రవారం – 1

డిజైనరు పోస్టు రద్దు. గోవిందరాజులుగారు కూర్చోమని చెప్పి మరీ చెప్పారు. అప్పుడు రెండో కాగితం తీశారు. "మీ నకలు అద్దంలా ఉందండి. గ్రాఫులు నకలు తియ్యడానికీ, వచ్చిన చీర గ్రాఫుకి సరిపోయిందో లేదో చూసి ముద్ర వెయ్యడానికీ మనిషి కావాలి. ఇది పర్మినెంటు. ఆర్నెల్లు ప్రొబేషను. సోమవారం పదో తారీకు నించి లెక్క."

పర్మినెంటు. ఆ మాట ఉన్న కాగితం మీద నా పేరు చూడ్డానికి మూడున్నరేళ్లు పట్టింది. ఏడ్చాను. ఆయన కంగారుపడి మంచినీళ్లు తెప్పించారు.

దారిలో పూతరేకులు కొన్నాను. ఈయన ఒకటి నోట్లో వేసుకుని, "మూఢం వదిలిందన్నమాట" అన్నారు. సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

20 నవంబరు, ఆదివారం

తారీకు పక్కన అంకె వెయ్యక్కర్లేదు. అలవాటు పోవడానికి నెల పట్టింది.

సూరయ్యగారు నిన్న మళ్లీ అడిగారు, పడుగు చివరికొచ్చింది, ఏవన్నా గీసిత్తారా అని. ఇవాళ పొద్దుటే తలంటుకుని, ఈయన్ని కొత్తపేట పంపి, గ్రాఫు కాగితం ముందు కూర్చున్నాను. ఇప్పుడు తీసేసేవాళ్లు లేరు. తొందర లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి కాగితం మీద ఒక రుద్రాక్ష, దాని పక్కన ఇంకో రుద్రాక్ష.

భయం ఉందని వెయ్యలేదనుకున్నాను. భయం పోయింది కదా, మరెందుకు రావడం లేదు? ఎవరిని అడగాలో కూడా తెలియదు. సాయంత్రం కబురొచ్చింది, ఆ మూర సూరయ్యగారు ఖాళీగా నేసేశారట, తెల్లగా.

20 ఫిబ్రవరి 1984, సోమవారం

రెండు వందలూ అయిపోయాయి. ఇంకో వంద అడిగారు. కాకినాడలోనూ కడుతున్నారట. ఒక్కో చీరా నా బల్ల మీదకొస్తుంది, గ్రాఫు పక్కన పెట్టి చూస్తాను. చిన్న చుక్క సరిగ్గా చిన్నగా ఉందని చూసి ముద్ర వేస్తాను.

ఇవాళ సూరయ్యగారు తెచ్చిన చీర విప్పాను. ఖాళీ తర్వాత పెద్ద చుక్క. అంచు పొడుగునా, ప్రతి ఖాళీ తర్వాతా. వాన పడుతున్నట్టే ఉంది. ఏడు నెలల కిందట ఆ ఇసకలో చూసినదే.

"ఇదేమిటండీ?" అన్నాను.

"మేకు మార్చేనండి. ఎన్నాళ్లని తెలిసి తెలిసి తప్పు నేత్తానండి?"

పాపారావుగారు అవతల బల్ల దగ్గర తలెత్తి చూస్తున్నారు. ప్రొబేషను ఏప్రిల్ తొమ్మిదిదాకా ఉంది. నేను కలం తీసుకుని 'గ్రాఫుకు భిన్నం' అని రాసి, రిజెక్టు ముద్ర వేశాను. ముద్ర ఎప్పటిలాగే తిన్నగా పడింది. దానికే నా మీద నాకు అసహ్యం వేసింది.

"ఆయ్" అన్నారు సూరయ్యగారు. తలపాగా చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ చీర మజూరీ ఆయనకి రాదు. ఆ సంగతి ఆయనకి నేసేటప్పుడే తెలుసు.

21 ఫిబ్రవరి

రిజెక్టు చీరలు స్టాఫు కొనుక్కోవచ్చు. మజూరీతో సహా పూర్తి ధర కట్టి నేనే కొన్నాను. "తప్పు చీరకి పూర్తి ధరేంటండీ?" అన్నారు పాపారావుగారు.

ఇంటికొచ్చి, నిన్న విప్పని కొస మడత విప్పితే లోపల శుభలేఖ. చూరు పొగకి గోధుమరంగు తిరిగింది. వెనక నా గళ్లు, నా చుక్కలు, కింద మూల తారీకు కూడా వేశాను, 18–7–83. ఈయన ముందువైపు చదివి, "ఈ పెళ్లి నేనే చేయించాను. మొన్న సీమంతం కూడా అయింది" అన్నారు. తర్వాత వెనక్కి తిప్పి చూశారు. చీర అంచు చూశారు. అంతా చెప్పాను. సెప్టెంబరు నుంచీ మొత్తం.

ఆయన శుభలేఖ నా చేతిలో పెట్టి, "చీర కట్టుకోవడానికే కదా కొన్నావు" అన్నారు.

26 ఫిబ్రవరి, ఆదివారం

ఉతికి ఆరేశాను. పక్కింటావిడ అంచు పట్టుకుని చూసింది. "చూర్నీళ్లలా ఉందండీ" అంది.

27 ఫిబ్రవరి, సోమవారం – 43

కట్టుకుని వెళ్లాను. బస్సులో అంచు నలుగుతుందని కూర్చోలేదు.

గోవిందరాజులుగారు గుమ్మంలోనే గమనించారు. "సూరయ్య అంచే కదండీ? ఏదో తేడాగా ఉందే."

"ఇది సరైనదండి. మిగతావన్నీ తప్పు. ఆ అంచు గీసింది నేనండి." శుభలేఖ ఆయన బల్ల మీద పెట్టాను. అద్దం కింద సర్క్యులరు ఇంకా అక్కడే ఉంది.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. తారీకు చూశారు. "ఆరోజు అడిగితే తెలియదన్నారు కదండీ. ఎందుకని?"

"అప్పటికి పంతొమ్మిది రోజులే మిగిలాయండి."

ఆయనకి అర్థం కాలేదు. కొంచెం ఆగి అర్థమైనట్టుంది, చూపు తిప్పుకున్నారు. "ప్రొబేషను పూర్తయ్యాక చెప్పుంటే మీకే మంచిదేమోనండి. ఇప్పుడు నేను పైకి రాయాలి. ఏమంటారో నా చేతుల్లో లేదు."

"అప్పటిదాకా ఆగితే ఇంకో ముప్పై చీరలు తప్పుగా దిగుతాయండి. సూరయ్యగారి చీర నేనే రిజెక్టు చేశాను, ఆ మజూరీ ఆయనకి ఇప్పించండి. ఆయన అబద్ధం ఆడింది నా కోసమండి."

కాగితం ఉంచి వెళ్లమన్నారు. కూర్చోమని మాత్రం అనలేదు.

సాయంత్రం సూరయ్యగారింటికి వెళ్లాను. మగ్గం గుంటలోంచి చూసి, చీర గుర్తుపట్టి, పలకలు తొక్కుతూనే ఉన్నారు. వరహాలమ్మగారు పీట వేసింది. ఎన్ని రోజులు మిగిలాయని అడిగాను. నా ఉద్యోగం గురించి అనుకున్నట్టుంది, పాపం, మొహం చిన్నబుచ్చుకుంది.

"పడుగుకండి" అన్నాను.

"ఆరు రోజులండి," అన్నారు సూరయ్యగారు, "చివరి మూరకి."

ప్రొబేషనులో మిగిలిన ఆ నలభై మూడు సంగతి నాకు తెలియదు. ఆరు రోజుల్లో ఏదో ఒకటి గీసుకుని రావాలి. మసిగుడ్డయినా సరే.